మబ్బు మీంచి దిగిన గొంతు

రాళ్లగూడ కుర్మయ్య పేరు శంషాబాద్ నుంచి బాలాపూర్ దాకా వినాయక మండపాలు వేయించే వాళ్లందరికీ తెలుసు. గరుత్మంతుడు రెక్కలు ఆడించాలన్నా, పాము పడగ విప్పాలన్నా, ఏనుగు తొండమెత్తి వచ్చినవాళ్ల మీద పన్నీరు చల్లాలన్నా ఆయనకే కబురు వెళ్లేది. కర్రా, ఇనుమూ, థర్మాకోలూ, పాత కూలర్లలోంచి ఊడదీసిన మోటార్లూ ఆయన సరంజామా. యాభై దాటిన మనిషి. మాట తక్కువ, పని ఎక్కువ.

2012 జనవరి మొదట్లో ఒకావిడ ఆయన్ను వెతుక్కుంటూ రాళ్లగూడ వచ్చింది. పేరు స్వర్ణలత. అత్తాపూర్‌లో పిల్లలకు పియానో నేర్పుతుంది. కారు దిగి, వాకిట్లో ఆరబోసిన కందులు తొక్కకుండా పక్కనుంచి నడిచివచ్చి, చేతిలోని పెద్ద కాగితం చుట్ట విప్పి మంచం మీద పరిచింది.

అది ఏదో పాత బొమ్మకు నకలు. మబ్బు మీద ఒక దేవత కూర్చుని ఉంది. మబ్బు వెనక, చూసేవాళ్లకు కనపడని చోట, దూలాలూ గిరకలూ మోకులూ. అన్నిటికన్నా కింద, తాడు చుట్టిన ఒక లావుపాటి దుంగను ఇద్దరు మనుషులు పిడులు పట్టుకుని తిప్పుతున్నారు.

"ఇటలీ నుంచి ఒక చిన్న సంగీత బృందం వస్తోంది కుర్మయ్య గారూ. నాలుగు వందల ఏళ్ల కిందటి పాటల నాటకం ఆడతారు. ఒపెరా అంటారు. బెంగళూరు రోడ్డు మీద కొత్త స్కూలు వాళ్లు హాలు ఇచ్చారు. ఆఖర్లో దేవత మబ్బు మీద దిగాలి. మబ్బును విమానంలో తెచ్చుకోలేరు కదా, ఇక్కడే చేయించమన్నారు."

కుర్మయ్య బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. "గింత దానికి గిన్ని తాళ్లెందుకు మేడమ్. ఒక్క మోటర్ పెడితె చాలు, అదే దిగుతది."

"మోటారు వద్దండి. ఆ చప్పుడులో వాళ్ల వాద్యం వినిపించదు."

కుర్మయ్యకు లోపల నవ్వొచ్చింది. కూలర్ మోటారుకే తట్టుకోలేని వాద్యం ఏమి వాద్యమో అనుకున్నాడు. కానీ ఆ బొమ్మ మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. గీసినవాడు మోకు గిరకకు ఒరుసుకుని పోగులు లేచిన చోటును కూడా వదిలిపెట్టలేదు.

"గిది గీసింది ఎవరు?"

"పేరు తెలియదు. ఆ రోజుల్లో వెనిస్ అనే ఊళ్లో ఓడలు కట్టేవాళ్లే నాటకశాలల్లో కూడా పనిచేసేవారట. తాళ్ల సంగతి వాళ్లకు బాగా తెలుసు కదా."

ఆవిడ వెళ్లిపోయాక కుర్మయ్య భార్య సక్కుబాయి చాయ్ తెచ్చి తనూ వంగి చూసింది. "దీని మీద నిజంగ మనిషి కూసుంటదా?"

"కూసుంటదట. కూసోని పాట గూడ పాడుతదట."

"జారి కిందవడితే?"

కుర్మయ్య చాయ్ గ్లాసు పక్కన పెట్టి మళ్లీ ఆ మోకుల వైపు చూశాడు. అప్పటిదాకా ఆయన కదిలించినవన్నీ బొమ్మలే. ఊపిరి పీల్చే మనిషిని ఎన్నడూ గాల్లోకి లేపలేదు.

పనిలో తోడుకు జంగయ్యను పిలుచుకున్నాడు. జంగయ్య వెల్డింగ్ పని చేస్తాడు. చిన్ననాటి స్నేహితుడు, వరసకు బావమరిది. ఇద్దరూ స్కూలు హాల్లో పరంజా వేసి, దూలాలు బిగించి, వెదురుబద్దలతో మబ్బు అల్లి, దాని మీద గోనెపట్ట కప్పి దూది అంటించారు. దేవత కూర్చునే చోట ఇసుక బస్తాలు పెట్టి పైకి లాగారు. ఎక్కడం బాగానే ఎక్కింది. దిగేటప్పుడు ఉయ్యాలలా ఊగి, గోడకు కొట్టుకుని, కాసేపు మొరాయించి, ఒక్క కుదుపుతో మూరెడు కిందికి జారింది. ఒక బస్తా పగిలి ఇసుక వాన కురిసింది.

"ఇగ ఆమె పాట పాడదు బావా, మొత్తుకుంటది," అన్నాడు జంగయ్య కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడంతా కుర్మయ్య ఇరుసులకు సబ్బు రుద్దాడు, ముళ్లు మార్చాడు, బరువులు మార్చాడు. ఊగడం మానలేదు. మళ్లీ బొమ్మ ముందు కూర్చున్నాడు. మబ్బుకు అటూ ఇటూ నిలువుగా రెండు సన్న గీతలున్నాయి. బొమ్మకు అంచులేమో అనుకుని వాటిని ఆయన పట్టించుకోలేదు. ఇప్పుడు దగ్గరగా చూస్తే అవి కంబాలు, వాటి నిడివంతా లోపలికి చెక్కిన గాడి కనిపించింది. మబ్బు వెనక నుంచి రెండు చిన్న చక్రాలు ఆ గాళ్లలోకి దూరి ఉన్నాయి. తలుపు తన చట్రంలో జరిగినట్టు మబ్బు ఆ గాళ్లలో జరుగుతుందన్నమాట.

కుర్మయ్య వేలు ఆ గీత మీదే ఉండిపోయింది. వీడెవడో సముద్రం అవతల పుట్టి, ఓడలు కట్టుకుంటూ బతికి, మన్నులో కలిసిపోయాడు. పోయే ముందు, రాళ్లగూడ కుర్మయ్య ఎక్కడ తికమక పడతాడో తెలిసినట్టు అక్కడ జవాబు గీసిపెట్టి పోయాడు.

"జంగా, మనకన్న ముందటోడు ఇదే తిప్పల పడ్డడురా," అన్నాడు. జంగయ్య తొంగి చూసి తలూపాడు. ఆ పూటే ఉలి అందుకున్నాడు.

రెండు కంబాలకు గాళ్లు చెక్కాక మబ్బు నీళ్ల మీద ఆకులా దిగింది.

స్వర్ణలత సాయంత్రాలు పని చూడ్డానికి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆ నాటకం గురించి ఏదో ఒకటి చెప్పేది. అంతకు ముందు ఆ దేశాల్లో నలుగురైదుగురు తలా ఒక వరుసలో ఒకేసారి పాడేవారట. వినడానికి గొప్పగా ఉంటుంది గాని మాట తెలియదు. అప్పుడు ఫ్లోరెన్స్ అనే ఊళ్లో కొందరు స్నేహితులు ఒక దొర ఇంట్లో కూడి, మనిషి దుఃఖం చెప్పాలంటే ఒక్క గొంతే ఉండాలి, అది మాట్లాడినట్టే పాడాలి, కింద ఒకటో రెండో వాద్యాలు దాన్ని మోస్తే చాలు అనుకున్నారట. అక్కడి నుంచి నాటకం మొత్తం పాటగా మారిందట.

"అంటే కొట్లాడినా పాటనేనా?" అని అడిగాడు జంగయ్య.

"కొట్లాడినా పాటే. చచ్చిపోతున్నా పాటే."

జంగయ్య కుర్మయ్య వైపు తిరిగాడు. "మీ నాయిన ముత్తయ్య మామ భాగోతం తీరున్నది గదా బావా."

కుర్మయ్య వినపడనట్టు సబ్బు బిళ్ల అందుకుని ఇంకో ఇరుసు దగ్గరికి పోయాడు.

ఫిబ్రవరి మొదట్లో బృందం దిగింది. ఎయిర్‌పోర్టు కార్గో నుంచి పడవంత పెట్టె ఒకటి వ్యాన్‌లో వచ్చింది. నలుగురు పట్టి దించారు. కుర్మయ్య కూడా ఒక చెయ్యి వేశాడు. పెట్టె విప్పితే లోపల ఇంకో పెట్టె, సన్నకాళ్లది, పియానో తాతలాంటిది. పేరు హార్ప్సికార్డ్. మూత ఎత్తేసరికి లోపలి చెక్క మీద పువ్వులూ పిట్టలూ, ఇప్పుడే తడి ఆరినట్టు మెరిశాయి. దాన్ని వాయించే ఓర్సోలా తెల్లజుట్టు మనిషి. కుర్మయ్య కుతూహలం కనిపెట్టి దగ్గరికి రమ్మని, ఒక మీట నొక్కి, లోపల ఏమవుతుందో చూపించింది. సన్నని కర్రముక్క ఒకటి లేచి, దాని కొసన ఉన్న గోరంత ముక్కతో తీగను మీటి మళ్లీ కిందికి పడింది.

"ఆ గోరంత ముక్క ఏందో అడుగున్రి మేడమ్."

స్వర్ణలత అడిగి చెప్పింది. "ఈక. కాకి ఈక."

కుర్మయ్య తల ఇంకా దగ్గరికి వంచాడు. ఆ వరుసలో తీగకొకటి చొప్పున, ఎన్ని తీగలున్నాయో అన్ని ఈకలు. ప్రతి ఒక్కటీ కత్తితో చెక్కింది. ఓర్సోలా ఇంకో మీట నొక్కింది. గాజు మీద చక్కెర పలుకులు రాలినట్టు మోగింది ఆ శబ్దం. పైన విమానం ఒకటి లేచింది. ఓర్సోలా నవ్వి చెయ్యి తీసేసి, అది పోయిందాకా ఆగింది. మోటారు ఎందుకు వద్దన్నారో కుర్మయ్యకు అప్పుడు తెలిసింది.

ఆ బృందంలో రెనాతో అనే ఆయన ఉన్నాడు. నల్లని గుబురు గడ్డం, పహిల్వాన్ మెడ, మోటు అరచేతులు. బర్రెల బేరగాడిలా గొంతెత్తి మాట్లాడేవాడు. కుర్మయ్య ఆయన బరువు కంటితోనే అంచనా వేసి, ఈయన మబ్బు జోలికి రాకుంటే బాగుండు అనుకున్నాడు.

"ఈయనే దేవత," అంది స్వర్ణలత. "వేకువ దేవత."

"ఆయననా?"

"ఆయనే."

నాటకం కథ చిన్నది. ఎవరు కట్టారో తెలియని పాత ఒపెరా. సముద్రం మీదికి పోయి తిరిగిరాని పడవవాడి కోసం అతని భార్య ఒడ్డున కూర్చుని ఏడుస్తుంది. ఎవరూ పలకరు. ఆఖరికి వేకువ దేవత మబ్బు మీద దిగివచ్చి అతన్ని ఒడ్డుకు చేరుస్తుంది.

మొదటి రిహార్సల్ నాడు రెనాతో మబ్బు ఎక్కలేదు, కింద నిలబడే పాడాడు. కుర్మయ్య పరంజా మీద కూర్చుని గిరకకు మేకు బిగిస్తున్నాడు. కింద నుంచి ఒక లోతైన వాద్యం మొదలైంది, పొడవాటి మెడతో మనిషెత్తున్న వీణలాంటిది. నాలుగు స్వరాలు, ఒకదాని కింద ఒకటి, దిగుడుబావి మెట్లు దిగినట్టు దిగాయి. మళ్లీ పైనుంచి దిగాయి. మళ్లీ దిగాయి. ఓర్సోలా ఈకల మోత వాటి మీద సన్నగా కురిసింది.

అప్పుడొక స్వరం వినబడింది. ఎక్కడ మొదలైందో తెలియదు. ముందు ఉందో లేదో అన్నంత సన్నగా ఉంది, నెమ్మదిగా పెరిగింది, పెరిగి హాలంతా నిండింది, నిండినంతసేపు నిండి ఉండి, మళ్లీ పోగులా సన్నబడింది. ఒకే ఊపిరి. ఆడగొంతు కాదది. మగగొంతూ కాదు. పసివాడి గొంతులోని తేటదనం, పెద్దవాడి ఛాతీలోని బలం రెండూ ఒకే చోట ఉన్నాయి. కుర్మయ్య పాడుతున్నదెవరా అని కిందికి వంగి చూశాడు. గడ్డం కదులుతోంది. ఆ పహిల్వాన్ మెడలోంచే వస్తోంది.

ఆయన చేతిలో సుత్తి అలాగే ఆగిపోయింది. పాట అయిపోయింది, వాళ్లు ఏదో మాట్లాడుకుని మళ్లీ మొదలుపెట్టారు. కుర్మయ్య గబగబా పరంజా దిగి, హాలు వెనక నీళ్ల ట్యాంకు దగ్గరికి పోయి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. జంగయ్య వెనకే వచ్చాడు. ఏమైందని అతను అడగనవసరం లేదు. కుర్మయ్య పాట మానేసిన సంగతి ఇంకా గుర్తున్న కొద్దిమందిలో జంగయ్య ఒకడు.

కుర్మయ్య తండ్రి ముత్తయ్య గొర్లు కాస్తూనే భాగోతం దళం నడిపేవాడు. కథ ఆయనే అల్లేవాడు, పాట ఆయనే కట్టేవాడు. పదేళ్ల వయసు నుంచి కుర్మయ్యది ఆడవేషం. పమిట సర్దుకుని గొంతెత్తితే ముసలమ్మలు కొంగులతో కళ్లొత్తుకునేవారు. మూతి మీద నూగు వచ్చింది, మాట బొంగురుపోయింది, అయినా పాటెత్తుకుంటే పై గొంతు చెక్కుచెదరకుండా ఉండేది. ఇరవై ఏళ్లప్పుడు కొత్తూరు అవతల ఒక ఊళ్లో ఆట సగంలో ఉండగా అక్కడి పెద్దమనిషి ఒకాయన లేచి నిలబడ్డాడు. మీసమొచ్చినోని నోట్లె ఈ గొంతేందిరా, దేవుడిచ్చింది దాసిపెట్టి దొంగ గొంతుతోని పాడుతున్నవ్ అన్నాడు. జనం నవ్వారు. చాలాసేపు నవ్వారు. కుర్మయ్య ఆ ఆట పూర్తి చేశాడు. అంతే, మళ్లీ పాడలేదు. తండ్రి బతిమాలాడు. కొన్నాళ్లకు బతిమాలడం మానేశాడు. ఆడవేషం లేక దళం చెదిరిపోయింది. ముత్తయ్య పోయేదాకా కొడుకును ఒక్క మాట అనలేదు. జనం నవ్వినందుకు కుర్మయ్యకు పెద్ద బాధ లేదు, పిల్లలు కూడా నవ్వుతారు. ఆ పెద్దమనిషి అన్న మాట నిజమేనేమో అన్నదే ఇన్నేళ్లూ ఆయన్ను తొలిచింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ హాలు మెట్ల మీద కూర్చుని తింటున్నారు. సక్కుబాయి పంపిన జొన్నరొట్టె తుంచి రెనాతో చేతిలో పెట్టి, కుర్మయ్య స్వర్ణలతతో అన్నాడు, "ఒక్క మాట అడగాలె. ఆయన పాడే గొంతు అసలుదా, దొంగదా?"

స్వర్ణలత కాస్త తటపటాయించి ఇంగ్లిష్‌లో చెప్పింది. రెనాతో నమలడం ఆపాడు. కుర్మయ్య ముఖంలోకి చూసి, ఆ ప్రశ్న ఆటకు అడిగింది కాదని గ్రహించినట్టున్నాడు, నిదానంగా మొదలుపెట్టాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు స్వర్ణలత తెలుగులో చెబుతూ పోయింది.

"ఈ పాటలు కట్టిన కాలంలో చర్చిలో ఆడవాళ్లు పాడకూడదనేవారట. కొన్ని ఊళ్లలో నాటకంలోనూ వద్దనేవారట. కానీ పై గొంతు కావాలి. అందుకని మంచి గొంతున్న మగపిల్లలను చూసి, గొంతు మారే వయసు రాకముందే..." ఆవిడ ఆగింది. "కోడెను ఎద్దును చేసినట్టు చేసేవారట. ఆ పిల్లలకు గొంతు మారదు. ఒళ్లు పెరుగుతుంది, ఛాతీ పెరుగుతుంది, గొంతు మాత్రం పిల్లవాడిదిగానే ఉంటుంది. అందులో కొద్దిమంది రాజుల పక్కన కూర్చున్నారు. వాళ్లు పాడితే జనం మూర్ఛపోయేవారట. మిగతా వేలమంది ఏమయ్యారో ఎవరికీ తెలియదు."

కుర్మయ్య చేతిలో రొట్టెముక్క అలాగే ఉండిపోయింది. పాట కోసం మనుషులు అంతదాకా పోయారా అన్న ఆశ్చర్యం, భయంలాంటి ఆశ్చర్యం, ఆయన్ను పట్టుకుంది. నిన్న తను విన్న ఆ స్వరాల వెనక ఎంతమంది పిల్లలు నిలబడి ఉన్నారో.

"తననెవరూ ఏమీ చేయలేదంటున్నారు," అంది స్వర్ణలత, ఈసారి చిన్నగా నవ్వుతూ. "ఇద్దరు బిడ్డల తండ్రిని అంటున్నారు. ప్రతి మగవాడి గొంతులోనూ పైన ఒక సన్నని అర ఉంటుందట. చాలామంది అటువైపే పోరు. తను దాన్ని ఇరవై ఏళ్లు సాధన చేశారట. కూరగాయలు కొనేటప్పుడు మాట్లాడే గొంతు ఊరికే వచ్చింది, పాడే గొంతు కష్టపడి సంపాదించుకున్నాను, ఈ రెంటిలో దొంగది ఏదో మీరే చెప్పండి అంటున్నారు."

కుర్మయ్య రొట్టెముక్కను పక్కన పెట్టాడు. "చెప్పెటందుకు నేనెవర్ని," అని లేచిపోయి మబ్బు దగ్గర పనిలో పడ్డాడు. ఆ సాయంత్రం రెనాతోను మబ్బెక్కించి కిందికి దింపినప్పుడు కుర్మయ్య దుంగ మీద జంగయ్యను తప్ప ఇంకెవర్నీ చెయ్యి వేయనీయలేదు. దించడానికి గురుతు ఏమిటంటే కింద మోగే ఆ నాలుగు మెట్లే. నాలుగు మెట్లకు దుంగ ఒక చుట్టు తిరగాలి. రెండు రోజుల్లో ఆయన వాద్యకారుడి వైపు చూడకుండానే తిప్పడం నేర్చాడు. ఆ లోతు స్వరం చెక్కనేల మీదుగా అరికాళ్లలోకి వచ్చేది.

ఆదివారం సాయంత్రం హాలు నిండింది. సిటీ నుంచి కార్లలో వచ్చినవాళ్లు ముందు వరుసల్లో, స్కూలు పిల్లల తల్లిదండ్రులు వెనక, ఇంకా వెనక రాళ్లగూడ నుంచి ఆటోలో వచ్చిన పదిమంది. వాళ్లలో సక్కుబాయి ఉంది. దీపాలు తగ్గించారు. పడవవాడి భార్య ఒడ్డున కూర్చుని ఏడ్చింది. మాట ఎవరికీ అర్థం కాలేదు, దుఃఖం అందరికీ అర్థమైంది. వెనక వరుసల్లో గుసగుసలు ఆగిపోయాయి.

కుర్మయ్య తెర వెనక దుంగ పిడి పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా జంగయ్య రెండో పిడి పట్టుకున్నాడు. నాలుగు మెట్లు మొదలయ్యాయి. పైన చీకట్లోంచి రెనాతో గొంతు వచ్చింది. మబ్బు కదిలింది. ఒక చుట్టు. ఇంకో చుట్టు. దూది మీద పసుపు వెలుతురు పడింది. హాల్లో వందలమంది ఒక్కసారి ఊపిరి పీల్చుకున్న చప్పుడు తెర వెనకకు వినిపించింది. కుర్మయ్య తెర అంచు సందులోంచి తలెత్తి చూశాడు. కింద నుంచి చూస్తే దూలాల్లేవు, మోకుల్లేవు, ఇసుక బస్తాల్లేవు. తెల్లని బట్టల్లో, గడ్డం మీద బంగారు రంగు పూసుకుని, చేతులు కొంచెం చాచి, ఆకాశంలోంచి ఎవరో వస్తున్నారు. ఆ గొంతు ఆ మనిషిది కాదు. ఏ మనిషిదీ కాదు. నాలుగు వందల ఏళ్లుగా ఎక్కడో నిలవ ఉండి, ఇప్పుడు ఇక్కడికి, శంషాబాద్ అవతల ఒక స్కూలు హాల్లోకి దిగుతోంది.

కుర్మయ్య చేతులు ఆగిపోయాయి.

ఆయనకు తెలియనే తెలియదు. సగం దూరంలో మబ్బు నిలిచిపోయింది. జంగయ్య పిడి తిప్పబోయి, అటువైపు పిడి కదలక, "బావా," అని మెల్లగా అన్నాడు. వినబడలేదు. రెనాతో పాట చివరి చరణానికి వచ్చింది. ఆయన ఒక్కసారి కిందికి చూసి, నేల ఇంకా దూరంగా ఉందని గమనించాడు. ఓర్సోలా తల తిప్పి పైకి చూసింది. పొడవు వీణవాడు ఓర్సోలాను చూశాడు. నాలుగు మెట్లు అయిపోయిన చోట ఆగకుండా మళ్లీ పై మెట్టు అందుకున్నాడు.

రెనాతో అదే చరణం మళ్లీ ఎత్తుకున్నాడు. అదే చరణమే గాని అదే పాట కాదు. ఒక్కో స్వరం చుట్టూ తీగలు సాగాయి, తీగలకు మొగ్గలు పూశాయి. రెండోసారి తిరిగినప్పుడు ఇంకా పైకి పోయాడు, అక్కడ స్వరాన్ని వణికించి, పావురం రెక్క విదిల్చినట్టు విదిల్చి, కిందికి ఒక్కో మెట్టూ ముద్దుపెట్టుకుంటూ వచ్చాడు. రాసి ఉన్నది కాదది, అప్పటికప్పుడు పుడుతున్నది. మూడోసారి ఓర్సోలా చేతులు కూడా దాదాపు ఆగిపోయి, ఒక్క లోతు స్వరం, ఒక్క గొంతు మిగిలాయి. హాల్లో దగ్గు లేదు, కుర్చీ చప్పుడు లేదు. పైనుంచి విమానం పోయిందో లేదో ఎవరికీ గుర్తులేదు.

జంగయ్య కాలితో కుర్మయ్య కాలు తొక్కాడు. కుర్మయ్య ఉలిక్కిపడి పిడి తిప్పాడు. చెంపలు తడిసి ఉన్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మబ్బు నేలను తాకినప్పుడు చప్పుడు కాలేదు.

చప్పట్లు ఆగాక కుర్మయ్య రెనాతో దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పయింది. సోయి లేకపాయె."

రెనాతో రెండు చేతులతో ఆయన భుజాలు పట్టుకుని ఏదో గడగడా చెప్పాడు. ఆ పాటల కింద నడిచే వరుస అందుకే అలా తిరుగుతూ ఉంటుందట, ఎంతసేపైనా మోస్తుందట. పాత రోజుల్లో కూడా మబ్బులు ఇలాగే నడుమ గాల్లో నిలిచేవట, గాయకులు పాడుతూనే ఉండేవారట. ఇన్నేళ్లలో తను ఎప్పుడూ అలా పాడలేదట. "మీరు ఆపబట్టి పాడానంటున్నారు," అంది స్వర్ణలత. ఆవిడ కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి.

మర్నాడు పొద్దున బృందం సామాన్లు సర్దుకుంటోంది. కుర్మయ్య మబ్బును విప్పడానికి వచ్చాడు. సక్కుబాయి కూడా వెంట వచ్చింది, నిన్న దూరం నుంచి చూసింది దగ్గరగా చూస్తానని. హార్ప్సికార్డ్ మూత ఇంకా వేయలేదు. కుర్మయ్య దాని పక్కన నిలబడి, ఎవరి వైపూ చూడకుండా, గొంతు సవరించుకున్నాడు. జంగయ్య చేతిలోని పానా కింద పెట్టాడు.

మొదట గాలే వచ్చింది. ముప్పై ఏళ్ల తుప్పు. కుర్మయ్య కళ్లు మూసుకుని మళ్లీ ఎత్తుకున్నాడు. తండ్రి కట్టిన పాట. తెల్లారితే యుద్ధానికి పోయే కొడుకును ఒళ్లో పడుకోబెట్టుకుని, ఈ రాత్రిని ఇంకాస్త సేపు ఉండమని తల్లి వేడుకుంటుంది. రెండో పాదంలో గొంతు చీలింది. మూడో పాదంలో పై అర తలుపు తెరుచుకుంది. సన్నగా, వణుకుతూ, అయినా సూటిగా ఒక స్వరం నిలబడింది. ఓర్సోలా కూర్చుని, వెతికి, ఆ పాటకు అడుగున పట్టే ఒక్క స్వరం దొరకబుచ్చుకుని దాన్నే మళ్లీ మళ్లీ మెల్లగా మీటింది. రెనాతో గోడకు ఆనుకుని తల వంచి విన్నాడు. అయిపోయాక దగ్గరికి వచ్చి, ఆ చీలిన పాదాన్ని తను ఒకసారి పాడి, సరేనా అన్నట్టు చూశాడు. కుర్మయ్య తల అడ్డంగా ఊపి, "గట్ల కాదు, జర ఆగి దిగాలె," అని పాడి చూపించాడు. ఇద్దరూ ఆ ఒక్క పాదం మీద చాలాసేపు కూర్చున్నారు. స్వర్ణలత విమానం టైం గుర్తు చేస్తే గాని లేవలేదు.

ఆ ఎండాకాలంలో రాళ్లగూడ బడి ముందర పొద్దుగూకే వేళకు భాగోతం పెట్టారు. జంగయ్య హార్మోనియం బాగు చేయించాడు. పాత దళంలో బతికున్నవాళ్లు మద్దెలా తాళాలూ దులుపుకుని వచ్చారు. కుర్మయ్యది తల్లి వేషం. నెరిసిన జుట్టుకు సవరం పెట్టి, సక్కుబాయి పట్టుచీర కట్టుకుని ముందుకొచ్చేసరికి ముందు కూర్చున్న పడుచువాళ్లు ఫక్కున నవ్వారు. ఆయన వాళ్లను నవ్వనిచ్చాడు. నవ్వు అయ్యాక పాట ఎత్తుకున్నాడు. నాలుగో పాదానికి నవ్వినవాళ్లలో ఒకడు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

ఆట అయ్యాక ఇంట్లో సక్కుబాయి కొబ్బరినూనెతో ఆయన ముఖం రంగు తుడుస్తూ అంది, "బడంగ్‌పేట్‌ల ఉండె మా చిన్నమ్మ వచ్చింది గదా, ఆమెకు కండ్లు ఆనవు. గంత మంచిగ పాడినామె ఏ ఊరామె అని అడిగింది."

"నువ్వేమన్నవ్?"

"మా ఇంటామెనే అని చెప్పిన."

కుర్మయ్య నవ్వుతుంటే బుగ్గ మడతల్లో రంగు వదలడం లేదని సక్కుబాయి కసిరింది. రేపు పొద్దున పాలమాకుల నుంచి ఎవరో వస్తారట, వాళ్ల ఊళ్లో కూడా ఈ ఆట ఆడాలట. ఆ మాట చెప్పి, ఇంకో చెంప తిప్పమంది.